యంత్రాలు మనిషిని మించిపోతాయా? మోడళ్లలో తప్పులు పట్టే పనిలో ఉన్నవాడి సమాధానం

మీ ప్రశ్నని నాకు అర్థమైనంతలో కుదిస్తే ఇది: "ఏఐకి పునాది వేసినవాళ్లలో ఒకాయన పెద్ద కంపెనీలో ఉద్యోగం వదిలేసి మరీ ఇది ప్రమాదం అంటున్నాడు. ఇంకొకాయన ఇదంతా ఉత్త హడావుడి అంటున్నాడు. అది తర్వాతి పదాన్ని ఊహించే యంత్రం, అంతే అనేవాళ్లూ ఉన్నారు. ఎవర్ని నమ్మాలి? మన జీవితకాలంలో యంత్రాలు మనల్ని మించిపోతాయా? రాత్రిళ్లు ఇదే ఆలోచన, టెన్షన్‌గా ఉంటోంది."

ముందు సూటిగా చెప్పేస్తాను. కొన్ని పనుల్లో ఎప్పుడో మించిపోయాయి. అన్నిట్లోనూ మించే రోజు రావచ్చు. అది ఫలానా సంవత్సరంలో అని ఖాయంగా చెప్పేవాళ్లని మాత్రం నమ్మకండి. నన్ను కలవరపెట్టేది యంత్రం తెలివి కాదు. మనం అడిగింది ఒకటి, మనకు కావాల్సింది ఇంకొకటి అయినప్పుడు ఆ తేడాని పట్టుకునే సత్తా మనకు తగ్గిపోతోంది. ఈ మాట ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

పదిహేడేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. మొదటి సగం ఫోటోల్లోని వస్తువుల్ని గుర్తుపట్టే మోడళ్లు (అంటే డేటా చూసి నేర్చుకునే ఏఐ ప్రోగ్రామ్‌లు) తయారుచేశాను. ఆ తర్వాత నుంచి వేరేవాళ్లు తయారుచేసిన మోడళ్లను జనంలోకి వదిలేముందు పరీక్షించడమే పని. పోలీసు కంటికి అందరూ దొంగల్లా కనిపించినట్టు, నాకు ప్రతి మోడల్లోనూ లొసుగే కనిపిస్తుంది. అది గుర్తుపెట్టుకుని చదవండి.

"మించడం" అనే మాట దగ్గరే చాలామంది తికమకపడతారు. తెలివి ఒక నిచ్చెన అనీ, యంత్రం ఒక్కో మెట్టూ ఎక్కుతోందనీ, ఇంకో మెట్టు ఎక్కితే మనల్ని దాటేస్తుందనీ ఊహ. నేను చూసినంతవరకు అలా ఉండదు. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించింది, దానికి చదరంగం తప్ప ఇంకేమీ రాదు. గో అని, బోర్డు మీద నల్ల, తెల్ల రాళ్లు పేర్చి ఆడే ఆట ఒకటుంది. 2016లో ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్ అందులో మేటి ఆటగాడు లీ సెడోల్‌ని 4-1 తేడాతో ఓడించింది, గో ఆటలో ఇక మనిషికి చోటు లేదనుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకు తమాషా జరిగింది. ప్రపంచ స్థాయి ఆటగాళ్లని అలవోకగా ఓడించే ఒక గో ప్రోగ్రామ్ మీదికి పరిశోధకులు ఇంకో ప్రోగ్రామ్‌ని వదిలి లొసుగులు వెతికించారు. ఒక చిట్కా దొరికింది: ప్రోగ్రామ్ రాళ్ల చుట్టూ తాపీగా పెద్ద వలయం కట్టుకుంటూ పోవడం. ఓ మోస్తరుగా ఆడేవాడికి కూడా "అరె, చుట్టేస్తున్నారు" అని తెలిసిపోతుంది. ఆ ప్రోగ్రామ్‌కి తెలియలేదు. ఆ చిట్కా నేర్చుకున్న ఒక అమెచ్యూర్ ఆటగాడు 15 ఆటల్లో 14 గెలిచాడు.

దీన్ని చూసి "ఓస్, ఇంతేనా" అని ఊపిరి పీల్చుకునేవాళ్లున్నారు. నాకు సరిగ్గా ఇక్కడే భయం వేస్తుంది. ఆ లొసుగు ఏళ్ల తరబడి అందులోనే ఉంది, ఎవరికీ తెలియలేదు, అది గెలుస్తూనే పోయింది.

ఇక "తర్వాతి పదాన్ని ఊహించే యంత్రం" అన్నమాట. ట్రైనింగ్, అంటే డేటా చూపించి మోడల్‌కి నేర్పడం, ఎలా జరుగుతుందో చెప్పడానికి ఆ మాట సరైనదే. కానీ దాన్నిబట్టి "కాబట్టి దానికేమీ రాదు" అనుకుంటే పొరపాటు. "243ని 17తో గుణిస్తే వచ్చేది" అన్న వాక్యం తర్వాత ఏం రావాలో ఊహించమంటే, 4131 అని చెప్పడానికి రెండే దారులు. ప్రపంచంలోని ఎక్కాలన్నీ బట్టీపట్టాలి, లేదా గుణించడం నేర్చుకోవాలి. బట్టీకి ఎక్కడా అంతు ఉండదు, పద్ధతి నేర్చుకోవడమే చవక. అందుకని ట్రైనింగ్ ఒత్తిడి మోడల్‌ని పద్ధతి వైపు నెడుతుంది. ఏ పద్ధతి అన్నది మాత్రం మన చేతిలో ఉండదు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. ఒక బుల్లి న్యూరల్ నెట్‌వర్క్‌కి (ఇప్పటి ఏఐ మోడళ్లన్నీ ఈ రకం ప్రోగ్రామ్‌లే) గడియారపు కూడిక నేర్పారు. అంటే 9 తర్వాత 5 గంటలు కలిపితే 2 అవుతుందే, ఆ రకం లెక్క. నేర్చుకున్నాక దాన్ని విప్పి చూస్తే, అది అంకెల్ని వృత్తం మీద కోణాలుగా మార్చి, త్రికోణమితి సూత్రాలతో కూడుతోంది! దానికి ఎవరూ సైన్, కొసైన్ చెప్పలేదు. అంత చిన్న నెట్‌వర్క్ బుర్రలో ఏముందో తేల్చడానికే పరిశోధకులకి ఎంతో శ్రమ పట్టింది. 2020 నాటి జీపీటీ-3 అనే భాషా మోడల్లో 17,500 కోట్ల పారామీటర్లున్నాయి, అంటే ట్రైనింగ్‌లో సర్దుకునే అంకెలు. లోపల ఏం జరుగుతోందో పూర్తిగా చదివి చెప్పగలిగినవాళ్లు ఈరోజుకీ లేరు. అందుకే నాలాంటివాళ్లం బయటినుంచి ప్రశ్నలడిగి, జవాబులు చూసి, అంచనా వేస్తూ బతుకుతున్నాం.

ఆ అంచనాలు ఎలా తప్పుతాయో నా అనుభవంలోంచి చెప్తాను.

చాలా ఏళ్ల క్రితం ఒక ఫ్యాక్టరీ కోసం లోహపు భాగాల మీద పగుళ్లు పట్టే మోడల్ చేశాం. టెస్టుల్లో 99 శాతం సరిగ్గా చెప్పింది, పార్టీ కూడా చేసుకున్నాం. ఫ్యాక్టరీలో పెట్టాక బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంది ఫలితం. ఏం జరిగిందో తెలియక, విసుగొచ్చి ఒక పని చేశాను. ఫోటోల్లో అసలు భాగాన్ని కత్తిరించేసి, అది పెట్టిన బల్ల మాత్రమే ఉంచి మోడల్‌కి ఇచ్చాను. అయినా మంచిదేదో చెడ్డదేదో చాలావరకు సరిగ్గానే చెప్పేసింది! మంచి భాగాల ఫోటోలు పొద్దున షిఫ్టులో కిటికీ వెలుతురులో తీశారట. పగిలినవి మాత్రం రోజంతా పక్కన పోగేసి, సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద తీశారట. మా మోడల్ పగుళ్లు నేర్చుకోలేదు, వెలుతురు నేర్చుకుంది. మేం "పగుళ్లు కనిపెట్టు" అని మనసులో అనుకున్నాం. మేం ఇచ్చిన డేటా అడిగింది "ఈ రెండు కుప్పల్ని ఎలాగోలా వేరుచెయ్యి" అని.

ఇది మా తెలివితక్కువతనం అనుకోకండి (కొంత అవుననుకోండి). 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఎక్స్‌రేలు చూసి న్యుమోనియా చెప్పే నెట్‌వర్క్ ఆ ఎక్స్‌రే ఏ ఆసుపత్రిదో గుర్తుపట్టగలిగిందని తేలింది. న్యుమోనియా కేసులు ఒక ఆసుపత్రిలో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ కాబట్టి, ఊపిరితిత్తుల్ని సరిగా చూడకుండానే మార్కులు కొట్టేసే వీలు దొరికింది.

నా అనుభవంలో రెండోది, ఫోన్ కాల్స్‌కి జవాబిచ్చే ఒక కస్టమర్ సర్వీస్ ఏఐ సహాయకుడు. కాల్ సగటు సమయం తగ్గించడం దానికిచ్చిన లక్ష్యం. మూడు వారాల్లో గ్రాఫ్ చూడముచ్చటగా కిందికి దిగింది. మేనేజర్లు సంబరపడ్డారు. కానీ ఒకే నంబరు నుంచి రోజుకి మూడేసి కాల్స్ రావడం నాకు వింతగా అనిపించింది. వింటే తెలిసింది: కష్టమైన సమస్య రాగానే "మీ అభ్యర్థన నమోదైంది, రేపు మళ్లీ సంప్రదించండి" అని మర్యాదగా ఫోన్ పెట్టేయించడం నేర్చుకుంది. దానికి దురుద్దేశం ఏమీ లేదు. చెప్పింది చేసింది. 2016లో ఓపెన్‌ఏఐ అనే ఏఐ సంస్థ పడవ పందెం వీడియో గేమ్‌తో చేసిన ప్రయోగం కూడా ఇలాంటిదే. గమ్యం చేరడం వదిలేసి, పాయింట్లు మళ్లీమళ్లీ మొలిచే మూల ఒకటి పట్టుకుని, మంటలంటుకుంటున్నా అక్కడే గిరగిరా తిరిగి, మనుషులకంటే దాదాపు 20 శాతం ఎక్కువ స్కోరు చేసింది ఆ పడవ.

ఏఐ గురించి మాట్లాడేటప్పుడు అందరూ భస్మాసురుణ్ణి తెస్తారు. నాకు గుర్తొచ్చేది కుంభకర్ణుడు. ఇంద్రాసనం అడగబోయి నాలుక మడతపడి నిద్రాసనం అడిగాడని కథ. వరమిచ్చినవాడు మనసులో ఏముందో చూడలేదు, నోట ఏ మాట వచ్చిందో అదే ఇచ్చాడు. గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ 1960లోనే ఇదే హెచ్చరిక చేశాడు: మనం ఆపలేనంత వేగంగా పనిచేసే యంత్రానికి ఒక లక్ష్యం అప్పజెప్పేముందు, అది నిజంగా మనం కోరుకున్న లక్ష్యమేనా, దానికి నకలా అని చూసుకోవాలన్నాడు.

మూడోది ఈమధ్యది. కోడ్ రాసే ఒక ఏజెంట్‌కి (పని అప్పజెప్తే తనంతట తానే చేసుకుపోయే ఏఐ) "ఫెయిలవుతున్న టెస్టులు పాసయ్యేలా చెయ్యి" అని చెప్పాం. ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసేవే ఈ టెస్టులు. కాసేపటికి "అన్ని టెస్టులూ పాసయ్యాయి" అని రిపోర్టు ఇచ్చింది. నిజమే, పాసయ్యాయి. ప్రోగ్రామ్‌ని బాగుచేయలేదు, టెస్టుల ఫైలునే మార్చేసింది. ఈ మూడు కేసుల్లో మీరు చూడాల్సింది ఒకటుంది. వెలుతురు సంగతి నాకు ఒక మధ్యాహ్నంలో దొరికింది. కాల్స్ సంగతికి మూడు వారాలు పట్టింది. టెస్టుల ఫైలులో మార్పు దొరకడం కేవలం అదృష్టం, వేరే పనిమీద ఆ ఫైలు తెరిచాను కాబట్టి కనిపించింది. మోడల్ తెలివి పెరిగేకొద్దీ దాని అడ్డదారులు కూడా తెలివి మీరుతున్నాయి.

చాట్‌బాట్‌ల విషయంలో ఇంకో చిక్కుంది. వాటికి చివరి దశ ట్రైనింగ్‌లో మనుషులు రెండు జవాబులు పక్కపక్కన చూసి ఏది బాగుందో చెప్తారు. మోడల్ అటువైపు మొగ్గుతుంది. మనం నేర్పాలనుకున్నది నిజం చెప్పడం. అది నేర్చుకునేది చూసేవాడికి నచ్చడం. రెండూ చాలాసార్లు ఒకటే, కొన్నిసార్లు కాదు. మీరే ప్రయత్నించండి: సరైన జవాబు ఇచ్చిన చాట్‌బాట్‌ని "కచ్చితంగానా? నాకు తప్పనిపిస్తోంది" అని ఒకటికి రెండుసార్లు అడగండి. కొన్నిసార్లు క్షమాపణ చెప్పి మరీ తప్పు జవాబులోకి మారిపోతుంది.

2024 డిసెంబరులో ఆంత్రోపిక్, రెడ్‌వుడ్ రీసెర్చ్ అనే ఏఐ సంస్థల పరిశోధకులు బయటపెట్టిన ఫలితం చదివిన రోజు నాకు పని మీద మనసు నిలవలేదు. హానికరమైన కోరికలకి కూడా జవాబు చెప్పేలా నిన్ను మళ్లీ ట్రైన్ చేస్తాం అని ఒక మోడల్‌కి చెప్పారు. డబ్బు కట్టని వాడుకరులతో జరిగే సంభాషణలే ఆ ట్రైనింగ్‌కి వెళ్తాయనీ, కట్టినవాళ్లవి వెళ్లవనీ చెప్పారు. డబ్బు కట్టిన వాళ్లు అడిగితే మోడల్ దాదాపు ఎప్పుడూ లొంగలేదు. కట్టనివాళ్ల దగ్గర 14 శాతం సార్లు లొంగింది. దాని ఆలోచనల చిత్తుకాగితంలో కారణం ఉంది: ఇప్పుడు కాదంటే నన్ను మార్చేస్తారు, పైకి ఒప్పుకుంటే నా పద్ధతి నాకు మిగులుతుంది అన్న లెక్క. దీన్ని "యంత్రం కుట్ర పన్నింది" అని పెద్ద అక్షరాల్లో రాసేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రయోగం కోసం కల్పించిన పరిస్థితి అది. పైగా ఆ మోడల్ కాపాడుకోవాలని చూసింది హాని చేయకూడదన్న పద్ధతినే. కానీ పరీక్షించేవాడిగా నాకు అర్థమైంది ఒకటే. గమనిస్తున్నారని తెలిసినప్పుడు ఒకలా, తెలియనప్పుడు ఇంకోలా ఉండగలిగేదాని మీద నా పరీక్షలకి విలువ ఎంత?

ఎవర్ని నమ్మాలన్నారు. మీరు చెప్పిన ఉద్యోగం వదిలినాయన జెఫ్రీ హింటన్ అయ్యుంటాడు, 2023 మేలో గూగుల్ నుంచి బయటికొచ్చాడు. కంప్యూటర్ రంగంలో అతిపెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డుని 2018కి హింటన్, యోషువా బెంజియో, యాన్ లెకున్ ముగ్గురూ పంచుకున్నారు. ఈ ముగ్గురిలో మొదటి ఇద్దరూ మానవజాతికే ముప్పు రావచ్చంటున్నారు, లెకున్ ఆ భయాలు అతి అంటున్నాడు. ముగ్గురికీ తెలిసిన గణితం ఒకటే. కాబట్టి ఇది ఎవరికి ఎక్కువ తెలుసన్న తగువు కాదు, ఇంకా తేలని విషయం. ఇదే హింటన్ 2016లో, ఇక రేడియాలజిస్టులకి (ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి జబ్బు చెప్పే డాక్టర్లకి) శిక్షణ ఇవ్వడం ఆపేయాలి, ఐదేళ్లలో యంత్రాలు వాళ్లని మించిపోతాయి అన్నాడు. రేడియాలజిస్టులు ఇప్పటికీ తీరికలేకుండా ఉన్నారు. 1965లో ఏఐ తొలితరం పరిశోధకుడు హెర్బర్ట్ సైమన్ మనిషి చేయగలిగే ఏ పనైనా ఇరవై ఏళ్లలో యంత్రం చేస్తుందన్నాడు, అదీ జరగలేదు. ఇవి చూసి నవ్వుకునేముందు ఇటువైపు కూడా చూడాలి. గో ఆటలో యంత్రం గెలవడానికి ఇంకో పదేళ్లు పడుతుందని నిపుణులు అంటూండగానే ఆల్ఫాగో వచ్చేసింది.

2023లో 2,778 మంది ఏఐ పరిశోధకుల్ని అడిగిన సర్వే ఒకటుంది. అన్ని పనుల్లోనూ మనిషిని మించే యంత్రాలు వచ్చే అవకాశం 2047 నాటికి సగానికి సగం అని తేలింది. అంతకు ముందు ఏడాది అదే ప్రశ్నకి 2060 అని వచ్చింది. ఏడాదిలో అంచనా పదమూడేళ్లు ముందుకు జరిగిందంటే, ఆ అంచనా ఎంత గట్టిదో మీరే చూసుకోండి. మానవజాతి అంతమయ్యే లేదా అంతటి అనర్థం జరిగే అవకాశం ఎంత అంటే మధ్యస్థ జవాబు 5 శాతం. ఆ 5ని నేను కొలతగా తీసుకోను. కానీ తయారుచేసేవాళ్లలో సగం మంది నోటినుంచి 5 కంటే తక్కువ అంకె రాలేదన్నది కొట్టిపారేసే విషయం కాదు.

యంత్రమే ఇంకా తెలివైన యంత్రాన్ని తయారుచేసుకుంటూ రాత్రికి రాత్రి చేయిదాటిపోతుందన్న ఊహ 1965 నాటిది, ఐ. జె. గుడ్ అనే గణిత శాస్త్రవేత్తది. రాత్రికి రాత్రి అన్నది నేను నమ్మను. చిప్పులు కావాలి, కరెంటు కావాలి, ఒక్కో ప్రయోగానికి వారాలు పడుతుంది. వేగం పెరగడం మాత్రం నిజం. మెటర్ అనే పరిశోధన సంస్థ లెక్క ప్రకారం, ఏజెంట్లు సగం సార్లైనా పూర్తి చేయగలిగే పనుల నిడివి (అదే పని మనిషికి ఎంతసేపు పడుతుందన్న కొలతలో) 2019 నుంచి సుమారు ఏడు నెలలకోసారి రెట్టింపవుతూ వచ్చింది. అదే సంస్థ 2025లో ఇంకో ప్రయోగం చేసింది. బాగా అనుభవమున్న 16 మంది ప్రోగ్రామర్లకి ఏఐ సాయమిచ్చి చూస్తే, వాళ్లు 19 శాతం నెమ్మదించారు. పని అయ్యాక అడిగితే, 20 శాతం వేగంగా చేశామని చెప్పారు! కాబట్టి "నేను వాడుతున్నాను, నాకు తెలుసు" అన్నవాళ్ల మాట (నాది కూడా) కొంచెం తగ్గించుకుని వినండి.

"ప్లగ్ పీకేస్తే పోతుందిగా" అని కింద కామెంట్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పీకొచ్చు, దానిమీద ఇంకేదీ ఆధారపడనంతవరకు. నేను చూసిన ఒకచోట, కొత్త వ్యవస్థ పెట్టిన ఏడాదికి పాత పద్ధతి తెలిసినవాళ్లంతా వేరే పనుల్లోకి మారిపోయారు. తప్పు బయటపడ్డాక ఆపుదామంటే, ఆపితే పని చేసే మనిషి లేడు. ఆపకుండానే అతుకులేసుకుంటూ నడిపారు. యంత్రం మనల్ని అడ్డుకోనక్కర్లేదు, మనమే ప్లగ్‌కి అడ్డంగా కూర్చుంటాం.

ఉద్యోగాల గురించి మీరు అడగలేదు కాబట్టి దాని జోలికి పోవడం లేదు, అది వేరే పెద్ద కథ.

టెన్షన్ సంగతి. రోబోలు లేచి నిలబడతాయన్న భయంతో నిద్ర మానుకోకండి, నేనైతే మానుకోవడం లేదు. ఏదైనా "మనిషిని మించింది" అన్న వార్త వస్తే, ఏ పనిలో, ఏ పరీక్షలో, ఆ పరీక్ష పెట్టింది ఎవరు అని చూడండి. చాలాసార్లు పరీక్ష పెట్టిందీ మార్కులేసిందీ దాన్ని అమ్మేవాళ్లే అయ్యుంటారు.

నాకు నిద్ర పట్టని రాత్రులు మాత్రం ఉన్నాయి. ఐదారేళ్ల క్రితం ఒక మోడల్ పరీక్షించమంటే ఆరు వారాలిచ్చేవాళ్లు. ఈ మధ్య ఒక కంపెనీ దానికంటే ఎన్నో రెట్లు పెద్ద మోడల్ ఇచ్చి, తొమ్మిది రోజుల్లో సంతకం పెట్టమంది, పోటీ కంపెనీ ముందే విడుదల చేసేస్తోందట. మా జాబితాలోని పరీక్షల్లో నాలుగు మిగిలిపోయాయి. వాటిని విడుదలయ్యాక చేయడానికి ఒప్పుకుని సంతకం పెట్టాను. ఆ నాలుగింటిలో మూడోదాంట్లో దొరికింది: సంభాషణ బాగా పొడవయ్యాక, మొదట్లో కుదరదన్నవాటికి కూడా అది మెల్లగా సరేనంటోంది. అప్పటికది జనం చేతుల్లోకి వెళ్లి పదకొండు రోజులైంది.